కోటలో కేక

"అమ్మా, ఆ కుర్చీ కమిటీవాళ్లది. వెనక్కి వెళ్లి కూర్చోండి."

ముందు వరుసలో అప్పుడే చతికిలబడిన ముసలావిడ లేచింది. పొడగరి. తల ముగ్గుబుట్ట.

"సినిమా బాగుంటుందా బాబూ?" అడిగింది. గొంతు బొంగురు.

"భయపడదామని వస్తే నవ్వొస్తుంది. ఇంట్లో పనుంటే చూసుకోండి," అన్నాడు పళ్ల డాక్టరు.

"పనేం లేకే వచ్చాను," అంటూ ఆవిడ చివరి వరుసకి వెళ్లిపోయింది.

పళ్ల డాక్టరు ఆ ఫిల్మ్ క్లబ్బుకి అధ్యక్షుడు. గ్రంథాలయం మేడ మీది హాల్లో ఆదివారం సాయంత్రాలు పాత సినిమాలు వేయడం మాత్రం అతని వదిన మొదలుపెట్టిన పని. కింద పుస్తకాలు చూసుకునేదీ ఆమే.

రానురాను జనం పలచబడ్డారు. ఈ సినిమా అయ్యాక చేతులెత్తించి, వద్దనేవాళ్లు ఎక్కువైతే క్లబ్బు మూసేద్దామని కమిటీ తేల్చింది.

"పోయి పోయి ఇవాళే ఈ యూరప్ ఫక్కీ తెలుగు దయ్యం సినిమా పెట్టావేంటి వదినా? రంగుల్లేవు, పాటల్లేవు. పాడు కోట, బూజులు, కొవ్వొత్తి. అప్పట్లో ఇలాంటివి వారానికొకటి తీసి పారేశారు."

"చూసి మాట్లాడు. నోరు తెరిపించకుండానే పన్ను పీకేస్తావా నువ్వు?"

సినిమా మొదలైంది.

కొత్త పెళ్లికూతురు కోటలో అడుగుపెట్టింది. భర్త మొదటి భార్య సమాధి నేలమాళిగలో ఉంది. ఆ తలుపు తాళం రోజూ దానంతటదే ఊడిపోతోంది.

జనం ఆవలిస్తూనే చూస్తున్నారు.

ఇంతలో స్పీకరు గుర్రుమని మూలిగి ఆగిపోయింది. వదిన పరుగెత్తి వైర్లన్నీ కదిపింది. ఉలుకూ పలుకూ లేదు.

తెర మీద పెళ్లికూతురు చప్పుడు లేకుండా పెదవులాడిస్తోంది. ఎవరో కిసుక్కుమన్నారు. హాలంతా నవ్వు పాకింది. కుర్చీలు జరుగుతున్నాయి.

"ఇక చాలు వదినా, దీపాలు వెయ్యి," అంటూ డాక్టరు లేచాడు.

"ఆ తలుపు తియ్యకండి."

వెనక నుంచి వచ్చిందా మాట.

"లోపల ఎవరో నా పేరు పెట్టి పిలుస్తున్నారు. నాకు వినబడుతోంది. మీకు వినబడటం లేదా?"

పెళ్లికూతురి పెదవి కదలడం, మాట రావడం ఒక్కసారే. వెంట్రుకవాసి తేడా లేదు.

లేచినవాళ్లు ఎక్కడివాళ్లక్కడ కూర్చున్నారు.

ముసలావిడ చివరి వరుసలో నిలబడి, కుర్చీ వీపు పట్టుకుని పలుకుతోంది. పెళ్లికూతురి మాటలు మాత్రమే. భర్త, నౌకర్లు, పూజారి నోళ్లు మెదిపి ఊరుకుంటున్నారు. ఆ నిశ్శబ్దానికి ఒళ్లు జలదరించింది. ఆ ఇంట్లో బతికున్నది ఆ పిల్ల ఒక్కతే అన్నట్టుంది.

ఆఖరికి నేలమాళిగ. సమాధి రాయి జరిగింది. పెళ్లికూతురు నోరు తెరిచింది.

ఆ కేకకి కిటికీ అద్దాలు అదిరాయి. డాక్టరు వదిన చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాడు.

దీపాలు వెలిగాయి. తర్వాత చప్పట్లు ఎంతకీ ఆగలేదు. కిందనుంచి కాపలావాడు పైకొచ్చి చూసి, తనూ కొట్టడం మొదలుపెట్టాడు.

"క్లబ్బు ఉండాలనేవాళ్లు?" అడిగింది వదిన.

మొదట లేచింది డాక్టరు చెయ్యే.

అతను జనాన్ని తోసుకుంటూ వెనక్కి వెళ్లాడు. ముసలావిడ సంచీ సర్దుకుంటోంది. మొహం వెలిగిపోతోంది.

"ఇన్నేళ్లుగా పళ్లు పీకుతున్నాను, ఇలాంటి కేక వినలేదమ్మా. మిమిక్రీ చేసేవారా?"

"లేదు నాయనా. ఎప్పట్నుంచో గొంతు విప్పి అరవాలని ఉండేది. ఇవాళ తీరింది."

నవ్వేసి మెట్లు దిగింది. పేరు అడగాలని అతనికి తోచేసరికి ఆవిడ వీధి మలుపు తిరిగిపోయింది.

మర్నాడు వదిన సినిమా పంపిన ఫిల్మ్ భాండాగారానికి ఫోన్ చేసింది. డాక్టరు పక్కనే ఉన్నాడు. స్పీకరు సంగతీ, ముసలావిడ సంగతీ చెప్పింది.

అవతలి ఆవిడ ఆత్రంగా అడిగింది.

"పొడుగ్గా ఉంటుందా? బొంగురు గొంతా?"

"అవునండీ. మీకు తెలుసా?"

"నటన మానేశాక మీ ఊళ్లోనే స్థిరపడింది. ఆ ఒక్క సినిమాతోనే మానేసింది లెండి. మీరు వేస్తున్నారని నేనే చెప్పాను. రానంది."

"నటనా?"

"ఆ పెళ్లికూతురు ఆవిడేనండీ. అందమైన మొహానికి ఆ గొంతు నప్పదని నిర్మాత ఇంకొకామె చేత మాటలు చెప్పించాడు, కేకతో సహా. ఆ మొహం తన సొంత గొంతుతో పలికింది నిన్న మీ హాల్లోనే."