నాయన వయసు

"ఆగకు, ఇంకా దుంకు," అంది పుష్ప, తుమామా పేటలోని తమ ఫ్లాటు తలుపుకు అడ్డంగా కూర్చుని.

ఆమె భర్త భూమేష్ ఎగురుతూనే ఉన్నాడు. గోడకు ఆనించిన ఫోనులో వ్యాయామం యాప్ మెచ్చుకుంది: "చాలా బాగుంది. ఆపకండి."

"మోకాలు గుంజుతున్నదే."

"నిన్న బిడ్డ గూడ గదే అన్నది. ఫోన్ చెప్పేదాక ఆగొద్దంటివి. ఫోన్ నీ పేరు మీద ఉన్నదని ఎనిమిదేండ్ల పిల్లకు యాప్‌ల నీ వయసే కొట్టినవ్. లుసైల్ల బిల్డింగులు కట్టే సైట్‌ల అందరికి సేఫ్టీ చెప్పేటోనివి."

భూమేష్ మూలిగాడు. యాప్ మళ్ళీ మెచ్చుకుంది. పుష్ప కడుపు చల్లబడింది.

మోకాలి కట్టుతో కూతురు శ్రీహిత కుంటుకుంటూ వచ్చి యాప్ ఆపేసింది.

"ఎందుకాపినవ్?" అంది పుష్ప.

"దానికి నొప్పి కనవడదు. నీకు కనవడ్తది గదమ్మా."