బాగుందన్న మాట

"బాగుంది," అన్నాడు వెంకటేశం.

ఆ ఒక్క మాటకు దేవమ్మ చెయ్యి నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. తమలపాకులో కొబ్బరి, పల్లీలు, అల్లం, తొక్కతో సహా సన్నగా తరిగిన నిమ్మముక్కలు పెట్టి మడిచిన థాయ్ వంటకం అది. దాన్ని మళ్లీ పళ్లెంలో పెట్టేసి మొగుడి వైపు తిరిగింది.

"ఏమన్నవ్?"

"బాగుందన్న. తిను."

"ఏడాదిసంది కూర బాగుందని ఒక్కనాడన్న అన్నవా? బాగలేదని గూడ అనలే. గడ్డి తిన్నట్టు తిని లేస్తున్నవ్. ఈడ ఎవలో ఆకు మడిచిపెడితే బాగుందా?"

కూతురు తనుశ్రీ తల్లి మోచెయ్యి పట్టుకుంది. సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల కంపెనీలో ఆమె ఉద్యోగం పర్మనెంటయింది. ఆ సంతోషంలో అమ్మానాన్నలను గుమ్మడిదల నుంచి పిలిపించి, పటేల్‌గూడ దగ్గర కొత్తగా తెరిచిన ఈ ఖరీదైన రెస్టారెంట్‌కు పగటి భోజనానికి తీసుకొచ్చింది.

"మెల్లగ అమ్మా. ఇంకా వస్తయి. ఇక్కడ మనం ఏం అడిగేది లేదు, వాళ్లే ఒక్కొక్కటి తెచ్చి రుచి చూపిస్తరు."

"సూపియ్యనీ. మీ నాయినకే సూపియ్యనీ."

రెండోది చారు. చిన్న మట్టి గిన్నెలో పొగలు కక్కుతూ వచ్చింది. వెంకటేశం ఒక్క గుక్క మింగగానే నుదుటి మీద చెమట పట్టింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మంట చెవులదాకా పాకింది. దాని వెనకే పులుపు దూసుకొచ్చింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆయన తల ఎత్తలేదు.

తర్వాత పచ్చి బొప్పాయిని రోట్లో దంచి చేసిన పచ్చడిలాంటిది. ఆయన నములుతుంటే కరకరమని పక్క టేబుల్ దాకా వినిపించింది. ఆ తర్వాత పెంకులా కాలిన చర్మం, లోపల వెన్నలాంటి కండ ఉన్న చేపముక్క. అలిగి కూర్చున్న దేవమ్మ కూడా ఆ చేప దగ్గర ఓడిపోయింది. ముల్లు ఒక్కటి లేకుండా ఎట్లా తీశారో అనుకుంటూ, కోపం సంగతి మరిచిపోయి రెండో ముక్క అందుకుంది. చివరగా వేడివేడి బియ్యప్పిండి అట్టు, దాని మీద మంచులాంటి కొబ్బరిపాల ముద్ద. వేడీ చల్లదనమూ ఒకేసారి నోట్లో కలిసేసరికి వెంకటేశం చిన్నపిల్లవాడిలా నవ్వాడు.

ఆ నవ్వు చూసి దేవమ్మకు ఏడుపొచ్చింది.

"నా చెయ్యి మీద నీకు మనసిరిగింది. గంతే గదా? ఆ ముక్క నోరిడిచి చెప్పరాదు?"

వెంకటేశం చెంచా కింద పెట్టాడు. కూతురి వైపు ఒకసారి చూశాడు.

"నీ చేతిల ఏం తప్పు లేదే. నాకే వాసన తెల్వది. పోయినేడు నేను పనిచేసే కంపెనీల రసాయనం డ్రమ్ము పగిలింది సూడు, ఆనాటిసంది అంతే. పప్పయినా, పచ్చిపులుసయినా, కోడికూరయినా అన్ని ఒక్కతీరే నాకు. చెప్తే మీరు పరేషానైతరని చెప్పలే."

దేవమ్మ తన కుర్చీని ఆయన వైపు జరుపుకుంది.

"మొన్న పాలు మాడి ఇల్లంత పొగ నిండితే పక్కనే కూసోని టీవీ సూస్తున్నవ్. ఎంత మొండోడు అనుకున్న." కొంగు చేతిలోకి తీసుకుంది. "నన్ను తిట్టన్న తిట్టకపోతివి. నా వంటే పాడైందని నేను రోజు ఏడుసుకుంట వండిన."

"రేపే డాక్టరు దగ్గరికి పోదాం నాయినా," అంది తనుశ్రీ.

ఆయన తలూపాడు. దేవమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని ఉన్నట్టుండి అడిగింది.

"మరి ఈ తిండి నీకెట్ల తెలిసింది?"

"నాకూ సమజ్ కాలే. మంటగ, పుల్లగ, కరకర, సల్లగ... నోట్లె ఏదో ఒకటి అయితనే ఉన్నది. గిట్ల తిని ఏడాదైంది దేవమ్మా."

దేవమ్మ ఇక ఆగలేదు. వడ్డించే అమ్మాయిని పిలిచి, వండినవాళ్లను చూడాలంది. కాసేపటికి తెల్ల కోటు వేసుకున్న ఒక యువతి వంటగదిలోంచి వచ్చింది. పేరు జెన్నిఫర్. సంగారెడ్డి పిల్ల. బ్యాంకాక్‌లో ఈ వంట నేర్చుకుని వచ్చి, ఇక్కడ వంటగదికి పెద్దగా ఉంది.

దేవమ్మ లేచి నిలబడి ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుంది.

"బిడ్డా, మా ఆయనకు వాసన తెల్వది. నేనేం వండినా ఆయన నోటికి మట్టే. నీ చేతి తిండి మాత్రం ఆయనకు తెలిసింది. నీ చేతికి దండం పెడ్త. ఏం కలిపినవో జెర చెప్పు, నేర్చుకుంట. ఈ వయసుల ఆయన ఇంట్ల గూడ గట్ల నవ్వాలె."

జెన్నిఫర్ వెంకటేశం వైపు చూసింది. వంటగది తలుపు వైపు ఒకసారి చూసింది. ఖాళీ కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుని, వాళ్లకు మాత్రమే వినపడేలా అంది.

"ఏం కలపలే అమ్మా. కరోనా జ్వరం వచ్చిపోయినకాడికెంచి నాకు గూడ వాసన తెల్వది. నా నోటికి తెలిసేటివే వండుతున్న."