మబ్బు పట్టిన రోజు రిపేరు

కొండ మీదికి మబ్బు దిగుతోంది. మా బావ తన బుల్లి విమానమెక్కి తాళం తిప్పాడు. అది కిక్కురుమనలేదు.

"మళ్లీ పాడైందా? నిన్ను మెకానిక్కని ఎవడన్నాడ్రా?"

"బ్యాటరీ మొండికేసింది బావా," అన్నాను తల వంచుకుని.

నేను చూసినంతలో చిన్న విమానాలను కూల్చేది పాత ఇంజను కాదు, ఎలాగైనా ఈ పూటే చేరాలనే పంతం. ఆ మాటంటే బావకు నామోషీ. అందుకే మబ్బు పట్టినప్పుడల్లా బ్యాటరీ తీగ ఊడదీసి, నట్టు జేబులో వేసుకుంటాను. అక్క మొహం చూసి తిట్లు భరిస్తాను.

అవతలి ఊళ్లో ఎదురుచూస్తున్న స్నేహితులకు బావ ఫోన్ చేశాడు.

"మబ్బులు నాకో లెక్కా? ఈపాటికి అక్కడుండేవాణ్ని. మా బామ్మర్ది చేతకానితనం, ఏం చెయ్యను," అని షెడ్డు దద్దరిల్లేలా చెప్పి పెట్టేశాడు.

తర్వాత నింపాదిగా వచ్చి నా భుజమ్మీద చెయ్యేశాడు.

"రేపు ఎండ కాస్తుందట. పొద్దున్నే ఆ జేబులో నట్టు బిగించెయ్."

నేను నోరు తెరిచేలోగా గొంతు తగ్గించాడు.

"ఇవాళ విప్పడం మర్చిపోయావేమోనని, తాళం తిప్పేటప్పుడు గుండె జారిపోయిందిరా."