డిసెంబరు మాత్ర

“పేరు తీసేస్తేనే ఈ కాగితం అట్టకెక్కుతుంది,” అన్నాడు హిరైవ.

“పేరు ఉంటేనే ఎక్కాలి,” అంది తొషిమి.

ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది. చెప్పులు విప్పి లోపలికి రమ్మని ఆయన రెండుసార్లు అన్నాడు. ముదురు నీలం కోటు చేతుల మీద తెల్లవీ నల్లవీ గోధుమరంగువీ వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. వాటిని దులుపుకునే ధ్యాస కూడా ఉన్నట్టు లేదు.

ఆ వీధుల్లో ఏ కబురైనా ఒక అట్టకు తగిలించి ఇంటింటికీ తిప్పుతారు. ఒకరు చదివి పక్కింటికి అందిస్తారు. ఈ ఏడు ఆ అట్ట హిరైవ చేతికొచ్చింది. ఒసాకాలో రైల్వే ఉద్యోగం ముగించుకుని ఊరు చేరి మూడు నెలలైనా కాలేదు. ఏ మొహం ఎవరిదో ఇంకా తెలియదు. అయినా వంతు వంతే కాబట్టి ఏప్రిల్లో వీధి సంఘాధ్యక్ష పదవి వచ్చి నెత్తిన పడింది. మనిషి మంచివాడే. కాకపోతే కాగితం కనిపిస్తే చాలు, పూనకం వచ్చేస్తుంది.

కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ మొదటి నుంచీ చదివాడు.

‘పేలకూ గుండెపురుగుకూ వేసే మాత్ర నిరుటిది మిగిలి ఉంటే కుక్కకు వేయకండి. ముందు రక్తపరీక్ష చేయించండి. మిగిలింది వేయవచ్చని ఫోనులో చెప్పినవారు డాక్టర్ ఇగరాషి. అది తప్పు. ఆ తప్పు వల్ల సోమవారం గొంటా అనే కుక్క చనిపోయింది. మీకూ అలా చెప్పి ఉంటే నమ్మకండి.’

“మీ కుక్కేనా అమ్మా?” గొంతు తగ్గించి అడిగాడు.

“నా చేతుల్లోనే పోయాడు. మాత్ర వేసిన మూడు గంటలకి. చిగుళ్ళు సున్నంలా తెల్లబడిపోయాయి. రెండుసార్లు లేవబోయాడు. మూడోసారి తోక మాత్రం ఊపాడు.”

హిరైవ మళ్ళీ కాగితం వైపు చూశాడు.

“ఒక్క మాత్రకేనా?”

“ఒంట్లో పురుగు లేకపోతే ఏమీ కాదు. రక్తంలో పిల్లపురుగులు తిరుగుతున్నప్పుడు వేస్తే అన్నీ ఒక్కసారే చస్తాయి. ఆ దెబ్బకి కుక్క తట్టుకోలేదు.”

“మరి ఏటా వేస్తూనే ఉంటారు కదా, పురుగులెలా వస్తాయి?”

“దోమకాటుతో ఒంట్లో చేరిన పురుగుని మరుసటి నెల వేసే మాత్ర చంపుతుంది. నవంబరుకి దోమలుండవు. ఇంకెందుకులే అని ఆఖరిది, డిసెంబరు మాత్ర, సొరుగులో పడేస్తారు. మే నెల రాగానే పారెయ్యడమెందుకని అదే తీసి వేస్తారు. మిగిలిందంటేనే ఆ నెల వెయ్యలేదని కదండీ! ఆమాత్రం డాక్టరుకి తట్టొద్దూ?”

ఆఖరి మాట వీధిలోకి వినిపించింది. హిరైవ కంగారుగా తలుపు దగ్గరికి లాగాడు.

“మా ఆవిడ ఊళ్ళో లేదు కాబట్టి సరిపోయింది. ఉంటే మీతో పోట్లాటకి దిగేది. వాళ్ళ చెల్లెలి పిల్లి సూది మింగితే, కొత్త సంవత్సరం పొద్దున భోజనం వదిలేసి వచ్చి బతికించిందట ఆ డాక్టరమ్మ. ముప్పై ఏళ్ళ పేరు. ఒక్క పొరపాటుకి మట్టిలో కలిపేస్తారా?”

“ఒక పిల్లిని బతికిస్తే ఒక కుక్కని చంపొచ్చని రాసిచ్చారా ఎవరైనా?”

“అబ్బే, అది కాదు. ‘ఒక వైద్యురాలు’ అని రాద్దాం. తెలిసినవాళ్ళకి తెలుస్తుంది.”

“తెలీదు అధ్యక్షులుగారూ. పేరు లేకపోతే, ఎవరికో రాశారులే అని పక్కింటికి తోసేస్తారు. ఎవరి మాట నమ్మి సొరుగు తెరిచారో ఆ పేరే కనపడాలి. ఈ వారంలో ఎంతమందికి అలా చెప్పిందో ఆవిడకే గుర్తులేదు.”

“ఆవిణ్ణి అడిగారా?”

“సోమవారం నుంచీ అడుగుతూనే ఉన్నా.”

“ఏమంటుంది?”

“రద్దీగా ఉందంటుంది. ఫోను ఆగకుండా మోగిందంటుంది. అన్నీ సాకులే!”

“పాపం, ఆవిడా మనిషే కదా. ఇది తిరిగిందంటే ఆ ఆస్పత్రి మూతపడుతుందమ్మా.”

“పడనివ్వండి.”

“ఎంత రాతిగుండె మీది!”

తొషిమి పెదవి బిగించింది. కళ్ళు తడిశాయి గానీ చూపు మాత్రం ఆయన మీద నుంచి కదల్లేదు. ఇంకో కుక్క పోకూడదు, అంతే. తక్కినది ఏమైనా కానీ.

“ఇవాళ ఎండ చూశారుగా. దోమలు మొదలయ్యాయి. ఈ సాయంత్రం ఎన్ని ఇళ్ళలో ఆ మాత్ర తీస్తారో తెలీదు. మీరు తిప్పకపోతే అరవై గుమ్మాలూ నేనే ఎక్కుతా. ఆ పేరు గొంతెత్తి చదువుతా. ఆపండి చూద్దాం!”

హిరైవ నిట్టూర్చాడు. రైల్వేలో ముప్పై ఎనిమిదేళ్ళు రకరకాల మనుషుల్ని చూశాడు. ఇలాంటి మనిషితో పెట్టుకుని నెగ్గలేమని ఆయనకు తెలుసు. అట్టా, ఎర్రసిరా డబ్బీ తెచ్చి గుమ్మం గట్టు మీద పెట్టాడు.

“సరే, మీ ఇష్టం. కానీ పద్ధతి పద్ధతే. ఇంత మాట అన్నాక పూచీగా మీ పేరు చెక్కిన సొంత ముద్ర పడాలి. తెచ్చారా?”

“తెచ్చాను.”

“జాగ్రత్త. మొన్న ఒకాయన ఖాళీ జాగాలో కొట్టి తెస్తే తిప్పి పంపేశాను. ఎవరి ముద్రయినా వాళ్ళ సొంత పేరు మీదే, ఆ చివరక్షరానికి తగిలేలా పడాలి. ఇదిగో కలం, ముందు మీ పేరు రాయండి.”

తొషిమి కలం అందుకోలేదు.

సంచిలోంచి ముద్ర తీసి, ఎర్రసిరా అద్ది, కాగితం మధ్యలో ఉన్న డాక్టర్ ఇగరాషి అన్న పేరు చివరక్షరం మీద గట్టిగా నొక్కింది.