ఆరేళ్లప్పటి దీవి

"పేరు?" అంది నమ్రత.

"సుబ్బులు," అంది పెద్దావిడ, కాస్త తడబడి.

"పేరు దగ్గరే ఆగిపోతే ఎలా ఆంటీ? మళ్లీ చెప్పండి."

ఆవిడ మళ్లీ చెప్పింది. న్యూయార్క్‌లో దీవివాసుల సంఘానికున్న ఒకే ఒక్క గదిలో వారం రోజులుగా ఇదే తంతు. నమ్రత వాళ్ల లాయరు. అమెరికాలో పుట్టిన పిల్ల, తెలుగు అంతంతమాత్రం, పట్టు మాత్రం ఉడుంపట్టు.

రేపు పొద్దున్నే మూడురేవుల దీవి ఎవరికి చెందాలో రెండు ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకుంటాయి. అక్కడి కొబ్బరితోటల్లో మూడు తరాలు బతికిన తెలుగు కూలీలను అరవై రెండేళ్ల కిందట ఓడెక్కించి, ఇంకో తీరాన దింపేశారు దొరలు. ఇప్పుడేమో అక్కడ ఎప్పుడూ ఎవరూ కాపురమే లేరంటున్నారు. ఇళ్లు కూల్చినవాళ్లకే మతిమరుపు ఎక్కువ. దీవిలో పుట్టిన మనిషి వచ్చి నోటితో చెబితేనే వింటారట, కాగితాలు చెల్లవట. అప్పుడే నాలుగొందల కుటుంబాలు తిరిగి వెళ్లే మాట చర్చకు వస్తుంది. దీవిలో పుట్టినవాళ్లలో సంఘం జాబితాలో మిగిలింది సుబ్బులు పేరొక్కటే.

నమ్రత దొరల వకీలులా గొంతు పెంచి అడగసాగింది. బావి ఎటు? పడమట. వాకిట్లో కొబ్బరిచెట్లెన్ని? పదకొండు అంది ఆవిడ. నమ్రత ఫైలు చూసి పది అని దిద్దింది. ఓడెక్కేనాటికి వయసెంత? ఆరేళ్లు.

"అంత చిన్నప్పటివి ఎలా గుర్తున్నాయి?"

"అమ్మ రోజూ చెప్పేది తల్లీ..."

"అమ్మ చెప్పింది అనకండి ఆంటీ. చూశాను అనండి."

"చూశాను. మా కుక్క ఓడ వెనకాలే ఈదుకుంటూ వచ్చింది. అమ్మ నన్ను అటు చూడనివ్వలేదు."

అక్కడికొచ్చేసరికి ఆవిడకు దుఃఖం పొంగుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నమ్రత ఆపలేదు. ఆ ఏడుపు మాత్రం ఒకరు నేర్పాల్సిన పని లేకపోయింది.

చివరికి నమ్రత ఫైలు మూసి, రేపు ఇలాగే చెబితే చాలంది.

"పాపం కాదు కదా తల్లీ?"

నమ్రత లేచి ఫైలు సంచిలో పెట్టుకుంది.

సుబ్బులు చనిపోయి తొమ్మిది రోజులైంది. ఈవిడ, వాళ్లు ఓడ దిగాక పుట్టిన చెల్లెలు.