ముక్కు మాస్టారి తీర్పు

"ముందా ఫ్యాను ఆపు. వాసన నా ముక్కుకి రావాలా, గోడకి పోవాలా?"

ముక్కు మాస్టారు కళ్లు మూసుకుని కుర్చీలో సర్దుకున్నారు. మేనకోడలు ఫ్యాను ఆపి బల్ల మీద రెండు సీసాలు పెట్టింది. రెంటికీ కాగితం చుట్టి ఉంది. ఒకటి, రెండు అన్న అంకెలు తప్ప వాటి మీద ఇంకేమీ లేవు.

ఆ సుగంధాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లుగా ఆయన ముక్కు ఒప్పుకోని సరుకు గేటు దాటలేదు. సువాసన గడ్డి నూనెలో యాసిడ్ కలిపి మరిగించి, గులాబీకి పండు తోడైనట్టుండే పరిమళంగా మార్చే పెద్ద బాన ఆయన దగ్గరుండి నిలబెట్టిందే. ఆ పని నా గాజు గొట్టం చేస్తుందంటూ, కెమిస్ట్రీ చదివొచ్చిన మేనకోడలు మూడేళ్లుగా ఒకటే పోరు. ఆమె మొదటిసారి తెచ్చిన నమూనాను మాస్టారు వాసనైనా చూడకుండా సింకులో పారబోశారు. అసలే ఆయనకి కోపం ముక్కు మీదే ఉంటుంది.

చివరికి యజమాని తీర్పు ఆయనకే వదిలేశాడు. ఇవాళ మాస్టారు మెచ్చిన పద్ధతి ఉంటుంది, రెండోది మూతపడుతుంది. ఓడితే మేనకోడలి మూడేళ్ల కష్టం నీళ్లపాలే.

"ఇంతకీ ఆ గొట్టంలో ఏముందన్నావ్?"

"సన్నటి పూసలు మావయ్యా. వాటికి ఎంజైము అంటించి ఉంటుంది. పైనుంచి నూనె పోస్తే, గోరువెచ్చటి వేడికే కింద సుగంధమై దిగుతుంది. ఎంజైము మాత్రం కొట్టుకుపోదు, పూసల్ని పట్టుకునే ఉంటుంది. రేపు మళ్లీ అదే పని చేస్తుంది."

"కదలనివ్వకుండా కూర్చోబెట్టి రోజూ చాకిరీ చేయించడమన్నమాట. అచ్చం మీ అమ్మే!"

"మీ చెల్లెలేగా!"

మాస్టారు పడీపడీ నవ్వారు. అంతలో బాన మేస్త్రి ఆ వారం సరుకు డబ్బా పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. మోకాళ్ల నొప్పులతో మాస్టారు కిందికి దిగి ఏడాది దాటింది. అప్పటినుంచి డబ్బాలే ఆయన దగ్గరికి వస్తున్నాయి.

"ఏమయ్యోయ్, చొక్కా మెరిసిపోతోంది! యాసిడ్ చింది చిల్లులు పడని చొక్కా నీ ఒంటి మీద చూడటం ఇదే మొదలు."

"కాస్త జాగ్రత్త పడుతున్నానండీ."

"దగ్గు కూడా వదిలినట్టుందే?"

"మీ దయ మాస్టారూ," అంటూ మేస్త్రి కిటికీ వైపు చూశాడు.

మేనకోడలు ఒకటో సీసాలో కాగితం పట్టీ ముంచి అందించింది. మాస్టారు దాన్ని ముక్కు కింద రెండుసార్లు ఆడించారు. మొహం విప్పారింది.

"ఆహా! ముందు గులాబీ, వెనకే పండు. ఎక్కడా గరుకు లేదు." మేస్త్రి తెచ్చిన డబ్బా మూత తీసి అదీ వాసన చూశారు. "ఇదీ అదీ ఒక తల్లి పిల్లలే. ఎనిమిది నెలలుగా నేను మురిసిపోతూ సంతకం పెడుతున్న సరుకు. ఈ ముప్పై ఏళ్లలో నా బాన ఇంత మంచి సరుకు దింపనే లేదు!"

రెండో సీసా మూత బిగుసుకుపోయింది. మేనకోడలు గుడ్డ చుట్టి తిప్పితే గానీ ఊడి రాలేదు. పట్టీ దగ్గరికి రాగానే మాస్టారు మొహం చిట్లించారు.

"చివర్లో మాడు వాసన. గొంతులో గీరుకుంటోంది. ఇది నీ గొట్టం నిర్వాకమే కదూ?"

ఆమె కాగితం, కలం ఆయన ముందుకి జరిపింది. "తీర్పు రాసివ్వండి మావయ్యా," అంది.

ఆయన జంకూ గొంకూ లేకుండా రాశారు. 'ఒకటో నంబరు సరుకు తీసిన పద్ధతే కొనసాగాలి. రెండోది ఇక పనికిరాదు, ఆపేయాలి.' కింద బారెడు సంతకం పెట్టారు. మేనకోడలు దాన్ని రెండుసార్లు చదువుకుని జాగ్రత్తగా మడిచింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

మాస్టారికి ప్రాణం చివుక్కుమంది. గెలిచిన గర్వం ఒకపక్క, చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన పిల్లను ఓడించానన్న బాధ ఒకపక్క.

"ఏడవకే. నా ముక్కు అబద్ధమాడదు, ఏం చేయను?"

"ఆడదనేగా మీ దగ్గరికి తెచ్చింది."

"పద, కిందికి తీసుకెళ్లు. నా బానను ఓసారి చూసుకోవాలి."

మేస్త్రి కంగారుపడ్డాడు. "మెట్లు కదండీ, మీ మోకాళ్లు..."

"ఇవాళ మోకాళ్ల మాటెత్తకు!"

మేనకోడలి భుజం పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి మాస్టారు బాన దగ్గరికి చేరుకున్నారు. పాత వేడి మొహానికి తగులుతుందని కాస్త వెనక్కి వంగి, రెండు చేతులా మూత ఎత్తారు.

బాన నిండా సాలెగూళ్లు.