ఒక్క మేకు

ఇళ్ళకు మాటలొచ్చి, అద్దె కూడా అవే తేల్చే రోజులొచ్చాక ఓనర్లు గుమ్మం తొక్కడం మానేశారు. కాకినాడలో హైమావతి పప్పులో పోపు వేస్తుండగా ఇల్లు గొంతు సవరించుకుంది.

"వచ్చే నెల నుంచి అద్దె పెంచాలండి."

"అదేంటండీ? మిమ్మల్ని అద్దంలా ఉంచాను కదా. గోడకి ఒక్క మేకు కూడా కొట్టలేదు."

"అందుకేనండి. కొత్తింటిలా ఉన్నాను, విలువ పెరిగింది. విలువని బట్టే అద్దె."

హైమావతి స్టవ్ కట్టేసి ఫ్రిజ్ వైపు తిరిగింది. పోయిన భర్త ఫొటో ఇన్నాళ్ళూ ఫ్రిజ్ మీదే ఆనించి ఉంది.

"మేకు కొడితే విలువ తగ్గుద్దండి," అంది ఇల్లు, నెమ్మదిగా. "అయ్యగారి ఫొటోకి దక్షిణం గోడ బాగుంటదండి."

ఆమె సుత్తి తెచ్చి, గోడను అరచేత్తో తడిమింది.

"మీకు నొప్పెడుద్దాండీ?" అని అడిగింది.